తెగిన టో వైరు వెంట: కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా

మంగళవారం, కృష్ణపట్నం

తుమ్మలపెంట తీరంలో ఒక బార్జి, అంటే సొంత ఇంజను లేని సరుకుల పడవ, ఇసుకకెక్కింది. డిసెంబరు అల్పపీడనం, ఈశాన్య గాలి, రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురుతున్న రాత్రి. కాకినాడ నుంచి కృష్ణపట్నానికి దాన్ని ఒక టగ్గు, అంటే ఓడలను లాగే చిన్న ఓడ, లాక్కొస్తోంది. దారిలో ఆ లాగే ఉక్కు తాడు, టో వైరు, తెగింది. బార్జి మీద మనుషులెవరూ లేరు కాబట్టి ప్రాణనష్టం లేదు. నష్టం ఎంతో, అది ఎందుకు జరిగిందో చూసి చెప్పమని బీమా కంపెనీ నాకు పని అప్పగించింది.

ఏళ్ల తరబడి ఓడల ఇంజను గదుల్లో పనిచేసి, చీఫ్ ఇంజనీరుగా దిగి, ఆ తర్వాత ఈ సర్వే పనిలోకి వచ్చాను. ఓడ ప్రమాదం అనగానే చాలామందికి రెండు రకాల విచారణలు కలిసిపోతాయి. ప్రభుత్వం తరఫున నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ అధికారులు చేసే విచారణ వేరు. మళ్లీ ఇలాంటిది జరగకుండా ఏం చేయాలో తేల్చడం దాని ఉద్దేశం. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమావళి కూడా అదే చెబుతుంది, తప్పు ఎవరిదో నిర్ణయించడం ఆ దర్యాప్తు పని కాదని. నాది బీమా సర్వే. డబ్బు చేతులు మారే వ్యవహారం కాబట్టి ఇందులో ప్రతివాళ్లకీ చెప్పడానికి ఒక కథ ఉంటుంది. అయినా రెండింటికీ మొదటి మెట్టు ఒకటే: వస్తువును కళ్లారా చూడాలి, అదీ వీలైనంత త్వరగా.

అందుకే బార్జి దగ్గరికి ముందు వెళ్లలేదు. అది ఇసుకలో కూరుకుని ఉంది, ఎక్కడికీ పోదు. టగ్గు మాత్రం కృష్ణపట్నం రేవులో ఉంది. ఇంకో పని దొరికితే రేపే వెళ్లిపోతుంది. తెగిన వైరును కోసి పారేస్తే, జరిగింది జరిగినట్టు రాసే లాగ్ బుక్ తీసుకెళ్లి ఆఫీసులో పెడితే, ఇక నాకు మిగిలేది మాటలే.

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా గంటలోపు ప్రయాణం. వరి నాట్లు, రొయ్యల గుంటలు, ఆ వెనక నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఇప్పుడీ దారిలో కనిపించేదంతా బొగ్గే. 2008లో ఆధునిక రేవు మొదలైన కొత్తలో మాత్రం బళ్లారి, హోస్పేట వైపు నుంచి రైళ్లలో ఎర్రటి ఇనుప ఖనిజం వచ్చేది. ఆ పొడి తడిగా ఉంటే ఎంత ప్రమాదమో 2009లో మన దేశం రెండుసార్లు చూసింది. వానాకాలంలో న్యూ మంగళూరు దగ్గర 'ఏషియన్ ఫారెస్ట్', ఆ తర్వాత పారాదీప్ దగ్గర 'బ్లాక్ రోజ్' ఆ సరుకుతోనే మునిగాయి. ఓడ ఊగుతున్నప్పుడు తేమ ఎక్కువున్న పొడి ఉన్నట్టుండి బురదలా పారుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, ఓడను తిరగేస్తుంది. దీన్ని ముందే పసిగట్టడానికి ఓడ మీద ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. అర లీటరు నుంచి లీటరు పట్టే డబ్బాలో సగం దాకా పొడి పోసి, సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద 25 సార్లు కొట్టాలి. పైన నీరు తేలితే, పొడి మెత్తగా పారితే, ఎక్కించడం ఆపి ల్యాబ్ పరీక్షకు పంపాలి. 2011 జనవరి నుంచి ఓడల్లో గుట్టగా పోసే ఘన సరుకుల నియమావళి తప్పనిసరి అయింది. ఈ దారిన వెళ్లినప్పుడల్లా ఆ డబ్బా పరీక్ష గుర్తొస్తుంది. రెండు నిమిషాల పని, ఒక ఓడ ఖరీదు.

టగ్గు ఎక్కగానే వైరు చుట్టే యంత్రం, వించ్ దగ్గరికి వెళ్లాను. తెగిన కొస ఇంకా డ్రమ్ము మీదే ఉంది. వైరు తెగిన చోటు చదవగలిగితే అది చాలా చెబుతుంది. ఒక్కసారిగా బరువు మించి తెగితే ప్రతి తీగ కొసా సన్నబడి, ఒకటి గిన్నెలా, దాని జోడు శంఖువులా ఉంటుంది. పదే పదే వంగి అలసిపోయి తెగితే కొస చదునుగా ఉంటుంది. రాపిడికి అరిగితే ఉలి మొనలా ఒక వైపు పలచబడుతుంది. ఇక్కడ పై పొర తీగలు చాలావరకు అరిగి మెరుస్తున్నాయి, లోపలి తీగలు మాత్రం సాగి తెగాయి. అంటే పై తీగలు అరిగిపోయాక, మిగిలిన వాటి మీద మొత్తం బరువు పడింది. టగ్గు వెనక అంచుకు వైరు ఆనే చోట ఇనుములో గాడి పడి ఉంది. లాగుతున్నప్పుడు అప్పుడప్పుడూ వైరును కొద్దిగా వదులుతూ, రాపిడి పడే చోటు మారుస్తుండాలి. ఆ పని జరిగినట్టు లాగ్ బుక్‌లో ఎక్కడా రాసి లేదు.

ముక్క కోసి, గోనెపట్టాలో చుట్టి, సీలు వేసి, కెప్టెన్ సంతకం, నా సంతకం పెట్టించాను. చెన్నైలో ల్యాబ్‌కు వెళ్తుంది.

తర్వాత కెప్టెన్‌తో మాట్లాడాను. యాభై దాటిన మనిషి, రాత్రుళ్లు నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఇసకపల్లి లైట్‌హౌస్‌కు ఎదురుగా ఉండగా వైరు తెగిందని చెప్పాడు. డెక్ లాగ్‌లోనూ అదే రాసి ఉంది. నేను వాదించలేదు. వాంగ్మూలం తీసుకునేటప్పుడు వాదిస్తే మనిషి మూసుకుపోతాడు. రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాను.

ఆ తర్వాత ఇంజను లాగ్ అడిగాను. డెక్ లాగ్‌ను అందరూ చూస్తారు, ఇంజను లాగ్ జోలికి ఎవరూ పోరు. గ్రీజు చేతులతో, గంట గంటకీ ఉన్న అంకెలు ఉన్నట్టు రాసే పుస్తకం అది. రాత్రి పదకొండు గంటలకు ఎగ్జాస్ట్ టెంపరేచర్ 380 డిగ్రీలు. ఒంటిగంటకు 310. ఇంజను వేగం మాత్రం మారలేదు. అదే వేగంతో తిరుగుతున్న ఇంజను ఉన్నట్టుండి చల్లబడిందంటే దాని మీద బరువు తగ్గిందన్నమాట.

బుధవారం, తుమ్మలపెంట

పొద్దున్నే కోవూరు దాటి జాతీయ రహదారి మీద కావలి, అక్కడి నుంచి తూర్పుకు తిరిగి, బకింగ్‌హామ్ కాలువ దాటి తీరానికి. సరుగుడు తోపులు దాటగానే బార్జి కనిపించింది. 70 మీటర్ల పొడవు, అలలకు అడ్డంగా, ఒక పక్కకు కాస్త ఒరిగి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల జనం, సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్లు, బఠాణీల బండి కూడా వచ్చేసింది. 2020లో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ 'మా' ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడూ ఇలాగే జనం విరగబడ్డారు.

ఇక్కడ నన్ను నిజంగా భయపెట్టింది ఒకటే. ట్యాంకుల మ్యాన్‌హోల్ మూతలు రెండు తెరిచి ఉన్నాయి. ఇత్తడి, రాగి ఏమైనా దొరుకుతుందేమోనని ఎవరో తెరిచారు. నెలల తరబడి మూసి ఉన్న ఉక్కు ట్యాంకులో తుప్పు పడుతూ ఉంటుంది. ఆ తుప్పు లోపలి గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. నా మీటరు తాడుకు కట్టి లోపలికి దించితే 14 చూపించింది. అక్కడికి దిగిన మనిషికి వాసన తెలియదు, ఊపిరి ఆడనట్టు అనిపించదు. కాళ్లు తేలిపోయి పడిపోతాడు. పడిపోయినవాణ్ని కాపాడాలని ఇంకొకడు దిగుతాడు, అతనూ పడతాడు. ఓడల మీద ఇలా పోయిన ప్రాణాలు మునిగిపోయి పోయినవాటికంటే నన్ను ఎక్కువ బాధిస్తాయి, ఎందుకంటే ఒక్క మీటరు, ఒక్క ఫ్యాను ఉంటే చాలు. మూతలు బిగించేదాకా నా పని మొదలుపెట్టలేదు. కాపలా ఉన్న కుర్రాణ్ని కూర్చోబెట్టి విషయమంతా చెప్పాను.

"లోపల పామో ఏదో ఉంటాది అనుకున్నాను సార్, గాలే చంపుతాదని తెలీదు," అన్నాడు.

ఫ్యాన్లు తెప్పించి, గాలి కొట్టించి, మళ్లీ కొలిచాక లోపలికి వెళ్లాను. ఎడమ వైపు రెండు అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీరు ఉంది. వెల్డింగు అతుకులు నోళ్లు తెరిచాయి, ఫ్రేములు వంగాయి. పైన డెక్ బాగానే ఉంది. రేకు మందం అల్ట్రాసోనిక్ మీటరుతో కొలుచుకుంటూ వచ్చాను. పాత తుప్పు ఎంత, ఈ ప్రమాదం వల్ల వచ్చిన దెబ్బ ఎంత అన్నది విడదీయాలి. పాతదానికి బీమా రాదు. ఇదే సర్వేలో ఎక్కువ గొడవ పడే చోటు, ఎక్కువ ఓపిక పట్టాల్సిన చోటు కూడా. వంగిన చోట పెయింటు కొత్తగా రాలిందా, పగులులో తుప్పు ఎర్రగా తాజాగా ఉందా, నల్లగా పొరలు కట్టిందా అని టార్చి వెలుగులో ఒక్కొక్కటీ చూసి ఫొటో తీయాలి.

సాయంత్రం ఒడ్డున కూర్చుని సముద్రపు పటం, చార్టు విప్పాను. కెప్టెన్ చెప్పిన చోటు ఇసకపల్లికి ఎదురుగా. బార్జి దొరికింది తుమ్మలపెంటలో. ఇసకపల్లి దక్షిణాన ఉంది, తుమ్మలపెంట దానికి ఉత్తరాన. ఆ రాత్రి ఈశాన్య గాలి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఈ కాలంలో మన తీరం వెంబడి సముద్ర ప్రవాహం కూడా దక్షిణానికే పోతుంది. ఎండాకాలం ముందు అది ఉత్తరానికి తిరుగుతుంది గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణమే. ఇంజను లేని బార్జి గాలికీ ప్రవాహానికీ ఎదురు ఈదుతూ ఉత్తరానికి రాదు.

వైరు అర్ధరాత్రి ప్రాంతంలోనే, రామాయపట్నానికి కాస్త ఉత్తరంగా తెగి ఉండాలి. బార్జి రెండు నాట్ల వేగంతో, అంటే గంటకు రెండు సముద్రపు మైళ్ల చొప్పున, ఒడ్డు వైపు కొట్టుకుపోతే తెల్లారేసరికి సరిగ్గా ఇక్కడికే చేరుతుంది. బరువు పోయిన టగ్గు వేగం పెరిగి ముందుకు వెళ్లిపోయింది. నాలుగింటికి ఎవరో వెనక్కి చూసి, బార్జి లేదని గమనించారు. ఆ టైమునే లాగ్‌లో రాశారు. ఇది ఇంకా ఊహే. ఓడ ఎక్కడుందో తనంతట తానే చెప్పే ఏఐఎస్ సిగ్నల్ టగ్గు నుంచి ఆ రాత్రి గంటల తరబడి లేదు. ఇంజను లాగ్ ఒక్కదాని మీద అంత మాట అనలేను.

గురువారం

మళ్లీ బార్జి దగ్గరే. జేసీబీతో ముందు భాగం దగ్గర ఇసుక తవ్వించి, వైరును బార్జికి కలిపే బ్రైడిల్ గొలుసు, వాటిని బిగించే షాకిళ్లు అనే ఇనుప కొక్కేలు, వైరు రెండో కొస బయటికి తీయించాను. రెండు కొసలూ ఒకదానికొకటి సరిపోయాయి. షాకిళ్లు దిట్టంగా ఉన్నాయి. తెగితే పట్టుకోవడానికి బార్జి వెనక ఉండాల్సిన అత్యవసర తాడు, దాని తేలే బోయా మాత్రం లేవు. మధ్యాహ్నం నుంచి వాన.

శుక్రవారం, రామాయపట్నం

తెట్టు దగ్గర హైవే దిగి తీరానికి వెళ్లాను. ఒక పక్క కొత్త రేవు పనులు, బ్రేక్‌వాటర్ రాళ్ల లారీలు. ఇంకో పక్క పట్టపు మత్స్యకారుల పల్లెలు, ఒడ్డుకు లాగిన ఫైబర్ బోట్లు. మధ్యలో లైట్‌హౌస్. ఈ తీరంలో సముద్రం సంగతి కావాలంటే అడగాల్సింది వీళ్లనే. ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో, ఎక్కడ ఇసుక దిబ్బ మేట వేసిందో, అచ్చయిన చార్టు కంటే ముందు వీళ్లకు తెలుస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ముందుగా ఊరి కాపు, అంటే పల్లె పెద్ద దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, బనీను మీద తువ్వాలు వేసుకుని వల బాగుచేసుకుంటున్నాడు. పేరు, ఊరు, మా నాయన ఎవరు అన్నీ అడిగాక కూర్చోమన్నాడు. సంగతి చెప్పాను. ఆ రాత్రి సముద్రంలో ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఎవురూ పోలేదు సారూ. వార్నింగ్ ఉండాది గదా," అన్నాడు.

నేను టగ్గు సంగతి, బార్జి సంగతి చెబుతూ పోయాను. నాకు బోటు నంబరు అక్కర్లేదని, చేపల శాఖకు నేను చెప్పేదేమీ లేదని, టగ్గు వాళ్లు చెబుతున్న టైము నిజమో కాదో తేల్చుకోవాలని మాత్రమే వచ్చానని చెప్పాను. కాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి కేకేశాడు. నలభై ఏళ్ల మనిషి ఒకతను వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

"వలలు నీళ్లలో ఉండాయి సారూ. ఒదిలేసొస్తే ఎట్టా? అప్పు తెచ్చి కొన్న వలలు. పొయ్యి లాక్కొచ్చుకుందామని ఇద్దరం పోయినాం," అన్నాడు. "తిరిగొచ్చేటప్పుడు ఒంటిగంట దాటింది. మాకు తూర్పుగా నల్లంగా ఏదో పోతా ఉండాది. లైటు లేదు. ఇంజను శబ్దం లేదు. అడ్డం తిరిగి, అల వచ్చినప్పుడల్లా లేస్తా పడతా పోతా ఉండాది. వెనకాల వచ్చే బోట్లు దాన్ని గుద్దుకుంటాయేమోనని జీపీఎస్‌లో గుర్తు పెట్టినాను, ఫోన్లో మావాళ్లకి చెప్పినాను."

"దగ్గర్లో టగ్గు లైట్లేమైనా కనిపించాయా అన్నా?"

"లేదు సారూ. టగ్గు బార్జిని లాగేది మాకు తెలవదా? ముందర నిలువున మూడు తెల్ల లైట్లు, వెనకాల పసుపుపచ్చంగా ఒకటి. అయ్యేం లేవు."

అతను చెప్పింది అక్షరాలా నిబంధన. లాగుడు పొడవు 200 మీటర్లు దాటితే టగ్గు మాస్టు మీద నిలువుగా మూడు తెల్ల దీపాలు ఉండాలి, వెనక దీపానికి పైన పసుపు దీపం ఉండాలి. లాగబడే బార్జికీ సొంత దీపాలు ఉండాలి. జీపీఎస్ తెచ్చి చూపించాడు. గుర్తు పెట్టిన టైము రాత్రి 1.34. ఆ చోటు చార్టు మీద వేస్తే, నేను బుధవారం గీసుకున్న గీతకు అర మైలు లోపలే పడింది.

అరిగిన వైరు వల్ల బార్జి ఇసుకకెక్కింది, అది ఆస్తి నష్టం. కానీ ఆ నాలుగు గంటలూ దీపం లేని అంత పెద్ద ఉక్కు ముద్ద వలల కోసం వెళ్లిన బోట్ల మధ్య నుంచి కొట్టుకుపోయింది. టగ్గు వాళ్లు తెగిన వెంటనే గమనించి రేడియోలో హెచ్చరిక చెప్పి ఉంటే ఆ బోట్లకు తెలిసేది. నా రిపోర్టులో డబ్బు లెక్క ఎంత ముఖ్యమో ఈ మాటా అంతే ముఖ్యం అనిపించింది.

కాపు సమక్షంలో వాంగ్మూలం తెలుగులోనే రాశాను, చదివి వినిపించాను. బోటు నంబరు రాయలేదు. జీపీఎస్ తెరను ఫొటో తీశాను. అన్నం తినకుండా పోనివ్వలేదు. పండుగప్ప పులుసు, నిన్న వండిన రుచి.

వచ్చేస్తుంటే ఆ ఇంటి కుర్రాడు, కావలిలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు, ఈ ఉద్యోగం ఎట్లా వస్తుందని అడిగాడు. వివరంగా చెప్పాను. మెరైన్ ఇంజనీరింగ్ నాలుగేళ్ల చదువు, 2008లో వచ్చిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి విశాఖలోనూ చెన్నైలోనూ క్యాంపస్‌లు ఉన్నాయి, ప్రవేశ పరీక్ష ఉంటుంది. తర్వాత సముద్రంలో ఏళ్లు గడపాలి, ఒక్కో మెట్టూ పరీక్ష రాసి ఎక్కాలి. బీమా సర్వేయర్ లైసెన్సు కావాలంటే లైసెన్సున్న సర్వేయర్ దగ్గర శిక్షణ, వేరే పరీక్ష. నావిగేషన్ వైపు వెళ్లి కెప్టెన్ అయినవాళ్లూ, ఓడల డిజైన్ చదివినవాళ్లూ ఈ పనిలోకి వస్తారు. మోసపోకుండా చూసుకోమని కూడా చెప్పాను. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు గుంజే ఏజెంట్లు ఈ ఊళ్లకే ఎక్కువ వస్తారు. ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నీరు ఎటు లాగుతుందో పుట్టుకతో తెలిసిన పిల్లలు ఈ వృత్తిలోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

శనివారం, ఒంగోలు, కొత్తపట్నం

వాతావరణ బులెటిన్ల నకళ్ల కోసం, ఇంకో రెండు పనుల కోసం ఒంగోలు. టగ్గు ఆ రాత్రి దాటిన తీరం కాబట్టి మధ్యాహ్నం కొత్తపట్నం దాకా వెళ్లాను. అల్పపీడనం అలలకు పగిలిన ఫైబర్ బోట్లు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. కేంద్ర మత్స్య పథకంలో మత్స్యకారుడు చనిపోతే 5 లక్షల ప్రమాద బీమా ఉంది. పడవకు, ఇంజనుకు, వలకు మాత్రం ఇక్కడ నేను అడిగినవాళ్లెవరికీ బీమా లేదు. బార్జికి నాలాంటివాణ్ని పంపారు. ఈ బోట్ల నష్టం చూడటానికి ఎవరూ రారు.

సాయంత్రం ఒంగోలు లాడ్జిలో ఉండగా టగ్గు కెప్టెన్ ఫోన్ చేశాడు. ఇంజను లాగ్ నేను ఫొటోలు తీసుకున్నానని అతనికి తెలుసు.

"సార్, టైము నేను చూసినప్పటిది రాశాను. ఎప్పుడు తెగిందో నాకు తెలీదు. నేనూ, నా కింది అధికారి మేటూ ఇద్దరమే ఆరు గంటలు డ్యూటీ, ఆరు గంటలు విశ్రాంతి. కాకినాడలో లోడింగు పని కూడా మేమే చూశాం. వానలో వెనక్కి చూస్తే ఏమీ కనబడలేదు," అన్నాడు.

రోజులో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలన్న నిబంధన కాగితం మీద ఉంది. లోడింగు పని కూడా మీద పడితే ఇద్దరు మనుషులతో అది జరగదు. తర్వాత వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు. ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఆఫీసుకు పంపిన సామాను జాబితా. మొదటి వరుసలోనే "టో వైరు కొత్తది, అర్జెంటు" అని ఉంది.

ఈ ఒక్క కాగితం విలువ చెప్పాలి. మన సముద్ర బీమా చట్టం 1963 నాటిది. దాని ప్రకారం మామూలు గాలి, మామూలు అలల చర్యను సముద్ర ప్రమాదం అనరు, మామూలు అరుగుదలకూ పరిహారం లేదు. వైరు ధర ఎలాగూ రాదు. ఇసుకకెక్కడం వల్ల బార్జికి తగిలిన దెబ్బ వేరే ప్రశ్న. ఒక్క ప్రయాణానికి కాక ఇంత కాలానికని తీసుకునే కాలపరిమితి పాలసీలో నౌక బాగున్న స్థితిలోనే ఉందని యజమాని హామీ ఇచ్చినట్టు చట్టం భావించదు. అయితే సముద్రానికి తగని స్థితిలో ఉందని తెలిసీ పంపితే, ఆ లోపం వల్ల వచ్చిన నష్టానికి బీమా కంపెనీ బాధ్యత వహించదు. యజమానికి తెలుసా, తెలియదా? ఆ జాబితా చేరిందని ఆఫీసు నుంచి జవాబు కూడా ఉంది. దాని అర్థం తేల్చాల్సింది లాయర్లు. ఉన్నది ఉన్నట్టు ముందు పెట్టడం నా పని.

సోమవారం, నెల్లూరు

ఆదివారమంతా రిపోర్టు రాశాను. వైరు కొసల ఫొటోలు, ఇంజను లాగ్ పేజీ, డెక్ లాగ్ పేజీ, వాతావరణ బులెటిన్లు, చార్టు, జీపీఎస్ తెర, తెలుగు వాంగ్మూలం, దాని అనువాదం. ల్యాబ్ ఫలితం వచ్చాక అనుబంధం పంపుతానని రాశాను. మరమ్మతు ఖర్చు బీమా విలువకు బాగా లోపలే ఉంది కాబట్టి బార్జిని పూర్తి నష్టంగా వదులుకోవాల్సిన పని లేదు. మన తీరంలో ఆటుపోట్ల తేడా పెద్దగా ఉండదు, అమావాస్య పోటుకు ఎడమ ట్యాంకుల్లో గాలి కొట్టి, రెండు టగ్గులతో లాగమని సూచించాను. కెప్టెన్ గురించి రెండు వాక్యాలు రాశాను: టైము అతను తెలిసినంతలో రాశాడు, కొత్త వైరు అడిగాడు.

మధ్యాహ్నం బార్జి యజమాని తరఫు మనిషి ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. జాలరి వాంగ్మూలం, ఆ సామాను జాబితా, రెండూ రిపోర్టులో అవసరమా అని అడిగాడు. అవసరమే అని చెప్పాను. నాలుగింటికి రిపోర్టు మెయిల్ చేసి, అసలు కాపీని కొరియర్‌కు ఇచ్చాను. జీపీఎస్ గుర్తు పెట్టిన బోటు దగ్గరికి మాత్రం మళ్లీ వెళ్లాలి. అతని వలలో సగం ఆ రాత్రి బార్జి కింద చిరిగాయి, ఆ నష్టం ఎవరిని అడగాలో అతనికి కాగితం రాసిపెట్టాలి.